చీటీ లేని మూట

ఒకే ఉదయం, ఒకే కంపెనీ నుంచి నాకు రెండు ఫోన్లు వచ్చాయి.

మొదటిది రామకోటేశ్వరరావుది. "లాజరు గారూ, గోడౌన్ వాళ్ళు మా కంప్యూటర్లకి స్టాకు కనపడకుండా చేశారండీ. ఏదో మతలబు చేశారు. మీరొచ్చి తేల్చాలి."

రిసీవరు పెట్టీ పెట్టకముందే రెండోది. ఈసారి దిల్షాద్ బేగం గారు. "లాజరు గారూ, కౌంటరు వాళ్ళు అమ్మకాలు మాకు కనపడకుండా దాచేశారు. మీరొచ్చి తేల్చండి. మా ఆయన మూడు రోజుల్నుంచి అన్నం సరిగ్గా తినట్లేదు."

ఇద్దరూ చివర్లో చెప్పిన మాట మాత్రం ఒక్కటే. సాయంత్రం వర్తకుల అసోసియేషన్ పెద్దలు వస్తున్నారు. ఈలోగా తేలకపోతే వ్యాపారం రెండు ముక్కలు.

అది 2004 వేసవి. గవర్నర్‌పేటలో ఒక లాడ్జి పై అంతస్తులో నేను నెట్‌వర్కింగ్ నేర్పేవాణ్ణి. గుడివాడ నుంచీ తెనాలి నుంచీ పొద్దున్నే పాసింజరు రైళ్ళలో పిల్లలు వచ్చేవారు. నా దగ్గరున్నవి నాలుగు కంప్యూటర్లు, వేలంలో కొన్న రెండు స్విచ్‌లు. దీపం వేసే స్విచ్‌లు కావు. కంప్యూటర్ల తీగలన్నీ వచ్చి కలిసే ఇనప పెట్టెలు. కరెంటు పోతే అందరం డాబా మీదకెళ్ళి గచ్చు మీద సుద్దముక్కతో నెట్‌వర్కులు గీసుకునేవాళ్ళం. అలా గీసినవే ఇప్పటికీ నాకు బాగా గుర్తున్నాయి.

ఆ పిల్లల్లో చక్రి, రఫీ అని ఇద్దరుండేవారు. ఆటోనగర్ నుంచి ఒకే బండి మీద వచ్చి, ఒకే బెంచీ మీద కూర్చుని, ఒకే డబ్బాలో తినేవారు. చక్రి తిరుపతిరావు గారి మేనల్లుడు. రఫీ అబ్దుల్ రవూఫ్ గారి తమ్ముడి కొడుకు. ఆ ఇద్దరు పెద్దమనుషులదే 'రవూఫ్ అండ్ రావు లారీ స్పేర్స్'.

ఒకే షట్టరులో, ఒకే బల్ల వేసుకుని మొదలుపెట్టిన వాళ్ళు. నేను ఎరిగేనాటికి రోడ్డుకి ఇటు ఒక భవనం, అటు ఒక భవనం. ఇటువైపు కౌంటరులో రావు గారు అమ్ముతారు. అటువైపు గోడౌనులో రవూఫ్ గారు సరుకు చూస్తారు. రెండింటి మధ్యా రోడ్డు మీదుగా గాలిలో ఒక కేబుల్. నెల కిందట ఆ భవనాలకి చెరొక స్విచ్ బిగించి నెట్‌వర్కు పెట్టింది చక్రీ, రఫీలే. ఆ నెలలోనే కంపెనీకి పాతికేళ్ళు నిండుతున్నాయి.

క్లాసు ఆపేసి, స్విచ్ లోపలి సెట్టింగులు చూడ్డానికి వాడే నీలం రంగు కన్సోల్ కేబుల్నీ, ఇటుకంత బరువున్న ల్యాప్‌టాప్‌నీ సంచిలో పడేసుకుని టీవీఎస్ బండి తీశాను. బెంజి సర్కిల్ దాటి పటమట మీదుగా ఆటోనగర్‌లోకి తిరిగేసరికి వెల్డింగు వాసన, రేకుల మీద సుత్తి దెబ్బలు, లారీలకి కొత్తగా వేసిన పసుపు రంగు. ఆ వాసన ఇప్పటికీ ఎక్కడైనా తగిలితే నా చెయ్యి బ్రేకు కోసం వెతుక్కుంటుంది.

కౌంటరు దగ్గర కైకలూరు నుంచి వచ్చిన చేపల లారీ ఓనరొకడు క్లచ్ ప్లేటు కోసం గోల చేస్తున్నాడు. "ఐసు కరిగిపోతందయ్యా బాబూ! ఎదురుగానేగా గోడౌను? ఒక్క కేక వెయ్యరాదా?"

"కేకలేస్తే ఇవ్వరంట," అన్నాడు రామకోటేశ్వరరావు వెటకారంగా. రావు గారి బావమరిది. కౌంటరులో ఆయన తర్వాత ఆయనంత గొంతున్నవాడు. "స్క్రీన్ మీద ఆర్డరు రావాలంట. రూలంట."

ఆ రూలు పెట్టుకున్నది ఇద్దరు భాగస్వాములూ కలిసే. స్క్రీన్ మీద ఆర్డరు రానిదే గోడౌన్ నుంచి బోల్టు కూడా బయటికి రాకూడదని. మూడు రోజుల కిందటి దాకా ఎవరికీ ఇబ్బంది లేదు. ఆ పొద్దున కౌంటరులో స్టాకు తెర తెల్లగా నిలిచిపోయింది. గోడౌనులో అమ్మకాల తెరా అంతే. మొదటి రోజు ఇటు వాళ్ళు అటు మనిషిని పంపారు. రెండో రోజు పంపిన మనిషితో పాటు ఒక ఎత్తిపొడుపు కూడా వెళ్ళింది. మూడో రోజు రవూఫ్ గారు, పాతికేళ్ళుగా "ఏవయ్యా" అని పిలిచిన మనిషిని ఫోనులో "రావుగారూ" అన్నారట. రావు గారికి అది చెంపదెబ్బ కన్నా గట్టిగా తగిలింది.

ఆయన కుర్చీలో కూర్చుని రోడ్డు అవతలికి చూస్తున్నారు. నన్ను చూసి, "వచ్చావా లాజరూ. చూడు. ఏదున్నా ఉన్నట్టు చెప్పు," అన్నారంతే.

"మిమ్మల్నే ఎందుకు పిలిచామంటే," అన్నాడు రామకోటేశ్వరరావు, "మీరు మావాళ్ళూ కాదు, వాళ్ళవాళ్ళూ కాదు. మేమేమన్నా అంటే వాళ్ళు నమ్మరు, వాళ్ళేమన్నా అంటే నేను నమ్మను."

చక్రి మూల నిలబడి ఉన్నాడు. ఎప్పుడూ ఎదురొచ్చి సంచి అందుకునేవాడు, ఆ రోజు కదల్లేదు.

ముందు కేబుల్ చూశాను. పైదాకా లోడు వేసుకున్న లారీలు ఆ రోడ్డు మీద తీగల్ని తెంపుకుపోవడం మామూలే. కానీ స్విచ్ మీద పచ్చ లైటు నిక్షేపంలా వెలుగుతోంది. అకౌంట్స్ కంప్యూటరు నుంచి గోడౌను అకౌంట్స్‌కి సందేశం పంపితే క్షణంలో వెళ్ళింది. స్టాకు ఒక్కటే వెళ్ళడం లేదు.

రామకోటేశ్వరరావు పట్టుకున్నాడు. "అంటే కేబుల్ బాగానే ఉంది. అన్నీ వెళ్తున్నాయి. ఒక్క స్టాకే ఆగింది. దాన్ని ఏమంటారండీ? కావాలని ఆపడం అనరూ?"

నిజానికి చూడ్డానికి అలాగే ఉంది.

ఆయనకి అర్థమయ్యేలా చెప్పాను. "కోటేశ్వరరావు గారూ, ఒకే స్విచ్‌ని లోపల గదులుగా విడగొట్టొచ్చండీ. అకౌంట్స్ ఒక గది, స్టాకూ అమ్మకాలూ కలిపి ఒక గది. గదికో నెంబరు. ఆ గదినే మేం వీల్యాన్ అంటాం. రోడ్డు మీద ఉన్న కేబుల్ ఒక్కటే కదా, రెండు గదుల సరుకూ దాని మీదే పోవాలి. అందుకని మీ ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో మూటల మీద చీటీ అంటించినట్టు, ప్రతి మూటకీ గది నెంబరు అంటించి పంపుతుంది. అవతలి స్విచ్ చీటీ చూసి ఆ గదిలో దింపుతుంది."

"ఆ నెంబరు గది అవతల లేకపోతే?"

"పారేస్తుంది. తిరిగి పంపదు, చెప్పదు కూడా."

"మా ట్రాన్స్‌పోర్టోళ్ళూ అంతేలెండి," అన్నాడు చేపల లారీ ఓనరు.

కన్సోల్ కేబుల్ తగిలించి స్విచ్‌లోకి వెళ్ళాను. తెర మీద వరసలు పైకి పాకాయి. అకౌంట్స్ గది నెంబరు 10. అది సరే. స్టాకు గది నెంబరు చూసి నా వేళ్ళు ఆగాయి.

786.

నెల కిందట పిల్లలు నాకు గీసి చూపించిన పటంలో అది 8.

నా భుజం మీదుగా చదువుతున్న రామకోటేశ్వరరావు ఎగిరి గంతేశాడు. "చూశారా! బావగారూ, చూశారా! రవూఫ్ గారి లారీ అద్దం మీద నెంబరు, రవూఫ్ గారి ఫోను చివర నెంబరు, మన పెట్టెలో కూర్చుంది! మన ఇంట్లోకి వచ్చి వాళ్ళ ముద్ర వేసుకుపోయారు! ఇంకేం కావాలి?"

రావు గారు తల తిప్పలేదు. మెడ మాత్రం ఎర్రబడింది. కోపమేమో అనుకున్నాను.

"చక్రీ, ఈ స్విచ్ పాస్‌వర్డ్ ఎవరెవరికి తెలుసురా?"

"నాకొక్కడికే సార్."

"రఫీకి?"

"తెలీదు సార్."

నేను రోడ్డు దాటాను.

గోడౌనులో గ్రీజు వాసన, గోనెసంచుల వాసన. రవూఫ్ గారు బేరింగుల ర్యాకు దగ్గర నిలబడి, అప్పటికే సర్దిన పెట్టెల్ని మళ్ళీ సర్దుతున్నారు. ఆయన భార్య దిల్షాద్ బేగం గారు ఆఫీసు బల్ల దగ్గర. ఆ గోడౌను లెక్కలన్నీ ఆవిడవే. ఆవిడ దగ్గర మాట తప్పించుకోవడం ఎవరి వల్లా కాదు.

"ఏమంటున్నారు అటు?" అన్నారావిడ.

"ఇటు ఏమంటున్నారో అదేనండీ."

"మా ఆయన దాచాడంటున్నారా? రావు అన్నయ్య అన్నాడా ఆ మాట?"

"ఆయన ఏమీ అనలేదు. అన్నీ కోటేశ్వరరావు గారే అంటున్నారు."

"ఆ మనిషికి నోరొక్కటే తనది, చెవులు రెండూ పక్కవాళ్ళవి," అని ఆవిడ కుర్చీ జరిపి నాకు చోటిచ్చారు.

ఈ స్విచ్ వేరే కంపెనీది, సెకండ్‌హ్యాండ్‌లో కొన్నది. లోపలికి వెళ్ళాను. అకౌంట్స్ 10. స్టాకు గది నెంబరు 8 అయి ఉండాలి. లేకపోతే, వీళ్ళే ఆ పని చేసి ఉంటే, 786 అయి ఉండాలి.

రెండూ కాదు. 9.

దిల్షాద్ బేగం గారు కళ్ళజోడు సవరించుకుని చూశారు. "తొమ్మిదా? అది రావు అన్నయ్య నెంబరు! ఆయన స్కూటరు తొమ్మిది, ఫోను అంకెలు కూడితే తొమ్మిది, తొమ్మిది రాలేదని ఇంటి స్థలం కూడా ఒకటి వదులుకున్నాడు. మా పెట్టెలోకి ఎలా వచ్చింది?" ఆవిడ గొంతు తగ్గింది. "అంటే వాళ్ళే..."

ఇటు దొంగతనం, అటు దొంగతనం. ఇద్దరు దొంగలూ తమ తమ నెంబర్లు వదిలి వెళ్ళారు. నా వృత్తిలో అంత మర్యాదస్తులైన దొంగల్ని చూడలేదు.

"రఫీ, పాస్‌వర్డు?"

"నాకే తెలుసు సార్." వాడి చూపు కాళ్ళ మీద ఉంది.

"చక్రితో మాట్లాడావా?"

"మాట్లాడొద్దన్నారు సార్. వాణ్ణీ మాట్లాడొద్దన్నారంట."

అప్పుడు నాకు ఒక ప్రశ్న తట్టింది. ఏ తప్పు వెతికేటప్పుడైనా నేను పిల్లలకి మొదట అడగమని నేర్పే ప్రశ్న. "చెడిపోయాక నువ్వేం మార్చి చూశావు?"

రఫీ స్విచ్ వైపు వేలు చూపించాడు. "పాత నెంబరుకి తిప్పి చూశా సార్. ఎనిమిదికి. అయినా రాలేదు. సరే, తప్పు నా నెంబర్లో లేదనుకుని మళ్ళీ తొమ్మిదే పెట్టేశా."

"పాత నెంబరు అంటున్నావు. అంటే మార్చింది నువ్వే."

ర్యాకు దగ్గర పెట్టెల చప్పుడు ఆగిపోయింది.

బయటికొచ్చి రోడ్డు మధ్యలో, సరిగ్గా కేబుల్ కింద నిలబడ్డాను. "రావు గారూ, ఒకసారి ఇలా రండి. రవూఫ్ గారూ, మీరూ!" అని అరిచాను. ఒకరి భవనంలోకి ఒకరు రారని తెలుసు. రోడ్డు మాత్రం ఎవరిదీ కాదు.

ఇద్దరూ వచ్చారు. ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా, ఇద్దరూ నా చొక్కా గుండీల వైపే చూస్తూ నిలబడ్డారు. వెనకాల ఒక లారీ హారన్ కొట్టి, ఎవరో తెలిసి ఆగిపోయింది.

"తప్పు దొరికింది," అన్నాను. "స్టాకు గదికి రెండు వైపులా ఒకే నెంబరు ఉండాలి. కౌంటరు స్విచ్‌లో 786 ఉంది. గోడౌను స్విచ్‌లో 9 ఉంది. అందుకే ఇటు మూట అటు దిగడం లేదు."

రవూఫ్ గారు చటుక్కున తలెత్తారు. "కౌంటర్లో ఎంత అన్నావ్?"

"786 అండీ."

రావు గారు అదే క్షణంలో, "గోడౌన్లో ఎంత?" అన్నారు.

"తొమ్మిది."

లారీ డ్రైవరు కిందకి దిగి మరీ వింటున్నాడు. రావు గారు, గోడౌను బోర్డుతో చెబుతున్నట్టు, "నేనే మార్చమన్నా చక్రిని," అన్నారు. "పిల్లలు మొన్నామధ్య టీ తాగుతూ చెప్పారు, ఒకటి నుంచి వెయ్యి దాకా ఏ నెంబరైనా పెట్టుకోవచ్చని. పాతికేళ్ళు అవుతుందిగా. అన్ని ఆర్డర్లూ భాయ్ నెంబరు మీద నడిస్తే బాగుంటుందనిపించింది. పండగ రోజున చూపిద్దామని ఎవరికీ చెప్పొద్దన్నా."

"నేను కూడా ఆ టీ దగ్గరే ఉన్నా," అన్నారు రవూఫ్ గారు. "ఎనిమిది అని వినగానే నీ మొహం చూశా. ఎనిమిది నీకు పడదుగా. నువ్వేమో మొహమాటానికి చెప్పవు. అందుకని రఫీగాణ్ణి పిలిచి తొమ్మిది చెయ్యమన్నా. నోరు మూసుకోమన్నా."

పిల్లలిద్దరూ అప్పటికి చెరో గట్టు మీద నిలబడి ఉన్నారు. చక్రి అటువైపు చూసి అరిచాడు. "ఒరేయ్, నువ్వు కూడానా! నేను ఎనిమిదికి తిప్పి చూశానురా, రాలేదు!"

"నేనూ తిప్పానురా! నువ్వు తిప్పినప్పుడు నేను తొమ్మిదిలో ఉన్నట్టున్నా!"

"ఒకవైపు మారిస్తే రెండోది దానంతటదే మారుతుందని క్లాసులో చూశాంగా!"

"అక్కడ రెండు స్విచ్‌లూ ఒకే కంపెనీవిరా," అన్నాను నేను.

ఇక్కడితో అయిపోవాలి. కానీ ఆటోనగర్లో ఏదీ అంత తేలిగ్గా అవదు.

"సరే లాజరూ, రెండువైపులా 786 పెట్టెయ్," అన్నారు రావు గారు.

"ఎందుకు పెడతాడు? తొమ్మిది పెట్టు," అన్నారు రవూఫ్ గారు.

"భాయ్, నేను ముందు పెట్టించా."

"ముందూ వెనకా ఏంటయ్యా? నీ నెంబరు తీసేసి నా నెంబరు పెట్టుకుంటే నాకు నిద్ర పడుతుందా?"

"మరి నాకు పడుతుందా?"

గొంతులు లేచాయి. పంపకాల కోసం అసోసియేషన్ పెద్దలు సాయంత్రానికి ఆగకుండా మధ్యాహ్నమే వచ్చారు. వాళ్ళు కారు దిగేసరికి ఇద్దరు భాగస్వాములూ నడిరోడ్డు మీద వేళ్ళు చూపించుకుంటూ అరుచుకుంటున్నారు. ఒక పెద్దాయన మధ్యలో దూరి, "ఆగండయ్యా, ఆగండి! ఇంతకీ ఎవరు ఎవరికి అన్యాయం చేశారు?" అన్నాడు.

"ఈయన తన నెంబరు వద్దంటున్నాడండీ!" అన్నారు రావు గారు.

"ఈయన తన నెంబరు వద్దంటున్నాడు!" అన్నారు రవూఫ్ గారు.

పెద్దాయన తిరిగి కారు వైపు చూశాడు, సరైన వీధికే వచ్చామా అన్నట్టు.

దిల్షాద్ బేగం గారు గుమ్మంలోంచి నన్ను పిలిచారు. "లాజరు గారూ, వీళ్ళిద్దర్లో ఎవరు నెగ్గినా రెండోవాడు ఏడాదంతా సణుగుతాడు. ఆ సణుగుడు వినేది నేను. ఎవరి నెంబరు వాళ్ళకి ఉంచి పని జరిగే దారి లేదా?"

ఉంది. ఆ దారి చెప్పడానికి నాకు కాస్త సిగ్గేసింది, అంతే. చీటీ లేని మూట వస్తే ఏ గదిలో దింపాలో ప్రతి స్విచ్‌కీ ముందే చెప్పి ఉంచవచ్చు. ఆ గది సరుకు బయటికి పోయేటప్పుడు కూడా చీటీ లేకుండానే పోతుంది. రెండు చివర్లా ఆ గది నెంబరు ఒక్కటే ఉండాలన్నది నియమం. ఉండకపోతే అది తప్పు, పెద్ద తప్పు, సరుకు ఒక గదిలోంచి వేరే గదిలోకి కలిసిపోతుంది. ఏటా ప్రతి బ్యాచికీ అది బోర్డు మీద ఎర్ర సుద్దతో రాసి చెప్పేవాణ్ణి.

మాకు ఆ రోజు కావలసింది సరిగ్గా ఆ కలిసిపోవడమే.

"చక్రీ, నీ వైపు చీటీ లేని మూటలు 786లో దింపమని చెప్పు. రఫీ, నీ వైపు 9లో."

చక్రి నా వైపు అనుమానంగా చూశాడు. "సార్, అది తప్పు కదా? మీరే చెప్పారు. పోయినసారి పరీక్షలో నేను అలా రాస్తే సున్నా వేశారు."

"మళ్ళీ రాస్తే మళ్ళీ వేస్తా. ఇప్పుడు టైపు చెయ్."

ఇద్దరూ చెరోవైపు పరుగెత్తారు. నేను రోడ్డు మీదే నిలబడి, పెద్దలకీ, లారీ డ్రైవరుకీ, రామకోటేశ్వరరావుకీ జరిగినదంతా చెప్పుకొస్తుంటే, కౌంటరు లోపల్నుంచి చేపల లారీ ఓనరు కేక వినిపించింది. "వచ్చింది! బొమ్మొచ్చింది! క్లచ్ ప్లేట్లు ఉన్నాయంట!"

ఆ వెంటనే గోడౌన్ లోంచి రఫీ, "ఆర్డరొచ్చింది పెద్దనాన్నా! ఇవ్వమంటారా?"

"ఇవ్వరా! ఇంకా అడుగుతావేంట్రా!" అన్నారు రవూఫ్ గారు.

రావు గారు నా చెయ్యి పట్టుకున్నారు. "ఇంతకీ కేబుల్ మీద ఎవరి నెంబరు వెళ్తోంది?"

"ఎవరిదీ లేదండీ. ఉత్తి సరుకే వెళ్తోంది. మీ గుమ్మం దగ్గర 786, ఆయన గుమ్మం దగ్గర 9."

ఇద్దరూ తలెత్తి ఆ కేబుల్ వైపు చూశారు. దాని మీద ఒక కాకి కూర్చుని ఉంది. రామకోటేశ్వరరావు అందరికీ టీ చెప్పడానికి, ఎవరూ అడక్కుండానే, మూల బడ్డీ వైపు నడిచాడు. పెద్దలు టీ తాగి, పాతికేళ్ళ పండగకి పిలుపులందుకుని వెళ్ళిపోయారు.

ఇన్‌స్టిట్యూట్ తర్వాత మూతబడింది. డాబా మీద మేం గీసిన నెట్‌వర్కుల మీద ఎవరో సున్నం వేసేశారు. ఇప్పుడు ఏ నెంబరు ఎక్కడ పెట్టాలో సాఫ్ట్‌వేరే చూసుకుంటోంది. ఏ పెద్దమనిషినీ టీ దగ్గర అడగక్కర్లేదు.

2009లో అనుకుంటాను, ఒక కొత్త ఇంజనీరు ఫోన్ చేశాడు. 'రవూఫ్ అండ్ రావు'లో సర్వీసుకి వచ్చాడట. చక్రి నా నెంబరు ఇచ్చాడట.

"సార్, ఇక్కడ ట్రంక్ కేబుల్ రెండు చివర్లా నెంబర్లు కలవట్లేదు. ఒకవైపు 786, ఒకవైపు 9. ఎవరో తెలియక చేసినట్టున్నారు. సరిచేసేయనా?"

"ముందు ఓనర్లని అడిగావా?"

"అడిగానండీ," అన్నాడా అబ్బాయి దీనంగా. "ఇద్దరూ కలిసి తిట్టారు."